ఇంట్లో సబ్బు ఎందుకు చేసుకుంటారు? హైదరాబాదులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మల్కాజిగిరిలోని మా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా సబ్బులు చేస్తున్నాను. ఆదివారాలు ఇద్దరో ముగ్గురో వచ్చి పక్కన నిలబడి చూస్తారు, కొందరు నేర్చుకుని వెళ్తారు. అలా వచ్చినవాళ్ళు అడిగేవి, ఫోన్లో అడిగేవి, పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చుని అడిగేవి చాలావరకు ఇవే. అందుకే జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

షాపులో తక్కువ ధరకే సబ్బు దొరుకుతుంటే ఇంట్లో ఎందుకు చేయాలి?

మా పెద్దత్తయ్య మొదటిసారి మా ఇంట్లో అచ్చులు చూసినప్పుడు ఇదే అడిగింది. "ఏందమ్మా, కిరాణా కొట్ల దొరికే సబ్బుకు గింత తిప్పలెందుకు?" డబ్బు ఆదా కోసమే అయితే ఆమె మాటే నిజం. మంచి కొబ్బరి నూనె, ఆలివ్ నూనె పెట్టి చేస్తే ముడి సరుకు ఖర్చే చాలా షాపు సబ్బుల ధర దాటిపోతుంది. ఆదా అవుతుందని వచ్చేవాళ్ళకి నేను ముందే ఈ సంగతి చెప్పేస్తాను.

అయినా ఎందుకు చేస్తారంటే, రోజూ ఒంటికి రాసుకునే వస్తువు గురించి మనకి దాదాపు ఏమీ తెలియదు. పెరుగు ఎలా తోడుకుంటుందో తెలుసు, ఆవకాయలో ఎంత ఉప్పు పడాలో తెలుసు. సబ్బు దగ్గరికి వచ్చేసరికి రేపర్ మీద పేరు తప్ప ఇంకేమీ తెలియదు. మన ఇళ్ళలో సున్నిపిండి విసిరారు, కుంకుడుకాయలు కొట్టారు కానీ సబ్బు చేసినవాళ్ళు లేరు. అమ్మమ్మను అడిగి నేర్చుకునే పని కాదు ఇది. నూనె, నీళ్ళు, తెల్లటి కాస్టిక్ సోడా పలుకులు కలిసి, ఆ మూడింటిలో ఏదీ కాని కొత్త వస్తువుగా గట్టిపడటం మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. రాత్రి రెండుసార్లు లేచి వెళ్ళి అచ్చు మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. పొయ్యి లేదు, మంట లేదు, లోపల జరుగుతున్న పనికే ఆ వేడి.

వచ్చే కారణం ఒకటి, ఉండిపోయే కారణం ఇంకొకటి అని ఇన్నేళ్ళలో గమనించాను. చర్మం పొడిబారుతోందని ఒకరు వస్తారు, ఘాటు సెంట్లు పడవని ఒకరు, చిన్న వ్యాపారం పెట్టాలని ఒకరు. ఏడాది తర్వాత కూడా చేస్తున్నవాళ్ళని అడిగితే ఆ కారణాలు చెప్పరు. "అల్మారాలో ఆరుతున్న సబ్బులుంటే ఇంట్లో ఏదో బాగున్నట్టు అనిపిస్తుంది" అంటారు. ఇంకొకటి కూడా ఉంది. కుట్లు, అల్లికలు, బొమ్మలు నేర్చుకుంటే చేసినవన్నీ ఇంట్లో పేరుకుంటాయి. సబ్బు అలా కాదు, అరిగిపోతుంది. ఇంటిల్లిపాదీ వాడి అరగదీస్తారు, మళ్ళీ చేయాల్సిన అవసరం వస్తుంది. చేతి పని రోజువారీ అవసరంలో కలిసిపోవడం చాలా తక్కువ హాబీల్లో దొరుకుతుంది.

ఎలాంటివాళ్ళు నేర్చుకుంటారు?

ఇలాంటివాళ్ళని చెప్పలేను. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, బ్యాంకులో రిటైరైన ఒక అన్నయ్య, పదో తరగతి పిల్లాడిని వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి, తార్నాక నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన జీవితమంతా నూనెల మీద పనిచేసిన రసాయన శాస్త్రవేత్త, అయినా తన చేత్తో ఒంటి సబ్బు ఒక్కటీ చేయలేదట. తార్నాక అంటే గుర్తొచ్చింది, అక్కడి ఐఐసీటీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో) నూనెలు, కొవ్వుల మీద దశాబ్దాలుగా పరిశోధన జరుగుతోంది. 1944లో మొదలైన సంస్థ అది. మన ఊళ్ళో ఈ శాస్త్రం కొత్తదేమీ కాదు, వంటింటి దాకా రాలేదు, అంతే.

కాస్టిక్ సోడా వేస్తారట కదా, మరి సహజమైన సబ్బు ఎలా అవుతుంది?

కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, లేకుండా గట్టి సబ్బు రాదు. "కెమికల్స్ లేని సబ్బు" అని ఎవరైనా అంటే నమ్మకండి. షాపు సబ్బులు కూడా చాలావరకు ఇలాంటి క్షారంతోనే తయారవుతాయి. కానీ తయారైన సబ్బులో కాస్టిక్ సోడా మిగలదు. నూనెలోని కొవ్వు ఆమ్లాలతో కలిసి అది సబ్బుగా మారిపోతుంది, పక్కన గ్లిజరిన్ పుడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన షెవ్రెల్ అనే శాస్త్రవేత్త నూనెలు, కొవ్వుల లోపలి నిర్మాణాన్ని విప్పి 1823లో పుస్తకంగా ప్రచురించాడు. అంతకుముందు వందల ఏళ్ళుగా సబ్బు చేసినవాళ్ళకి లోపల ఏం జరుగుతోందో తెలియకుండానే చేతి అలవాటుతో పని సాగింది.

లెక్క కాస్త తప్పినా కాస్టిక్ సోడా మిగిలిపోకుండా ఉండటానికి మనం దాన్ని అవసరం కన్నా ఐదు శాతం తగ్గించి వేస్తాం. అప్పుడు కొంచెం నూనె మారకుండా మిగులుతుంది, సబ్బు చర్మాన్ని మరీ పొడిబార్చదు. పెద్ద ఫ్యాక్టరీల్లో గ్లిజరిన్‌ను చాలావరకు విడదీసి వేరే అవసరాలకు వాడుకుంటారు. ఇంటి సబ్బులో అది అలాగే ఉంటుంది. ఇంటి సబ్బు వాడాక ఒళ్ళు బిగుసుకుపోయినట్టు ఉండదని చాలామంది చెప్పడానికి ఈ రెండూ కారణం.

అది ప్రమాదం కాదా? ఇంట్లో పిల్లలున్నారు.

ప్రమాదమే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ మొహమాటపడను. కాస్టిక్ సోడా ఒంటి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి, అంటే చదువుకునే అద్దాలు కావు, పక్కలు కూడా మూసుకునే గాగుల్స్. పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లోవ్స్, కాళ్ళకి బూట్లు. పిల్లలు, పిల్లులు, కుక్కలు ఆ గదిలోకి రాకూడదు, తలుపు గడియ పెట్టుకోవాలి.

నీళ్ళలో కాస్టిక్ సోడా వేయాలి, కాస్టిక్ సోడా మీద నీళ్ళు పోయకూడదు. తిరగేసి చేస్తే ఒక్కసారిగా ఉడికి పైకి చిమ్ముతుంది. సరిగ్గా చేసినా ఆ నీళ్ళు ఎనభై, తొంభై డిగ్రీల దాకా వేడెక్కి ఘాటు ఆవిరి వస్తుంది. కిటికీ పక్కన పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని కలపాలి. మన ఎండాకాలంలో అయితే నేను ఫ్రిజ్ నీళ్ళే వాడతాను. అల్యూమినియం గిన్నె వద్దే వద్దు. కాస్టిక్ సోడా దాన్ని తినేసి హైడ్రోజన్ వాయువు పుట్టిస్తుంది. గాజు పాత్ర కూడా కొన్నాళ్ళకి లోపల గరుకెక్కి ఒక రోజు పగులుతుంది. స్టీలు గిన్నె, లేదా అడుగున ఐదు అంకె ఉన్న గట్టి ప్లాస్టిక్ జగ్గు మంచిది. వాటి మీద "సబ్బు" అని రాసి వంట పాత్రలకి దూరంగా పెట్టండి.

ఒంటి మీద పడితే కుళాయి కింద పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా కడగాలి. నిమ్మరసం, వెనిగర్ పోయకూడదు. కంట్లో పడితే అలాగే కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఈ జాగ్రత్తలు విని వెనక్కి తగ్గినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చేసింది సరైన పనే. ఇంట్లో పాకే పిల్లలుంటే రెండేళ్ళు ఆగండి, సబ్బు ఎక్కడికీ పోదు.

కుంకుడుకాయలు, సున్నిపిండి ఉండగా సబ్బు అవసరమా?

అవి సబ్బుకి పోటీ కావు. మా ఇంట్లో తలంటు ఇప్పటికీ కుంకుడు రసంతోనే. కుంకుడుకాయ నురగ ఇచ్చేది సపోనిన్లు అనే సహజ పదార్థాల వల్ల, అందులో కాస్టిక్ సోడాకి పని లేదు. కుంకుడు చెట్టు శాస్త్రీయ నామం సపిండస్. భారతదేశపు సబ్బు అనే అర్థం వచ్చే లాటిన్ మాటల నుంచి ఆ పేరు వచ్చింది. బట్టలకి చవుడు మట్టి వాడినవాళ్ళకి క్షారం సంగతి అనుభవంలో తెలుసు. మురికిని వదిలించే విద్య మనకి ఎప్పుడూ ఉంది. నూనెను క్షారంతో కలిపి గట్టి బిళ్ళ చేయడమే ఇంటి పనిగా రాలేదు.

స్ట్రెస్ తగ్గుతుందంటారు, నిజమేనా?

నా విషయంలో నిజం. అందుకు నాకు తోచే కారణం ఇది. కాస్టిక్ సోడా బయట ఉన్నంతసేపు ఫోన్ ముట్టుకోకూడదు, టీవీ పెట్టకూడదు, ఎవరైనా బెల్ కొట్టినా ఆగమనాలి. సుమారు ముప్పావు గంట మనసు ఒకే పని మీద ఉంటుంది. డిజిటల్ కాటా మీద 70 గ్రాములంటే 70 గ్రాములే, 74 కాదు. నేను పైన చెప్పిన గచ్చిబౌలి అమ్మాయి ఒకసారి ఇలా అంది. "ఆఫీసులో నేను చేసిన పని ఎక్కడికి పోతుందో నాకు కనిపించదక్కా. ఇది నా కళ్ళ ముందే గట్టిపడుతుంది." ఆమె ఇప్పటికీ నెలకొకసారి చేస్తుంది, చాలావరకు పంచిపెట్టేస్తుంది.

నిద్ర పట్టని టెన్షన్, మనసులో ఏ ఆశా లేకపోవడం లాంటివి ఉంటే మాత్రం సబ్బు చాలదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మా బాబుకి ఎగ్జిమా ఉంది. ఇంటి సబ్బు వాడితే తగ్గుతుందా?

తగ్గుతుందని నేను చెప్పను, ఎవరైనా చెబితే వినకండి. ఇంటి సబ్బు కూడా క్షార గుణం ఉన్నదే, దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలని కొలిచే అంకె) తొమ్మిది, పది మధ్య ఉంటుంది. మన చర్మం కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. ఎగ్జిమా ఉన్న చర్మానికి ఏది వాడాలో చర్మ డాక్టరే చెప్పాలి. వేప నూనె, పసుపు కలిపినంత మాత్రాన సబ్బు మందు అయిపోదు. కడిగేసుకునే వస్తువు అది, ఒంటి మీద ఉండేది అర నిమిషం.

సువాసన పడనివాళ్ళకి మాత్రం నిజంగా ఉపయోగం ఉంది. సెంటు, రంగు ఏదీ వేయకుండా చేసుకోవచ్చు, లోపల ఏమున్నదో ప్రతి గ్రామూ తెలుసు. మా మామగారికి అలాంటిదే చేస్తాను.

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ళు. ఇంటి సబ్బు నురగ వస్తుందా?

హైదరాబాదులో ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. బయటి ఊళ్ళవాళ్ళు చెప్పే చిట్కాలు ఇక్కడ తేలిపోయేది దీని దగ్గరే. తాగడానికి మంజీరా నీళ్ళు వచ్చినా, స్నానానికి చాలా అపార్ట్‌మెంట్లలో బోరు, లేదా ట్యాంకర్. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తెల్లటి తెట్టు అవుతాయి. ముందు ఆ తెట్టు కడుతుంది, తర్వాతే నురగ మొదలవుతుంది. బకెట్ అంచుకి అంటుకునే జిడ్డు వలయం అదే. సబ్బు చెడ్డది కాదు, నీళ్ళు గట్టివి.

దీనికి రెండు పనులు చేయొచ్చు. ఒకటి, కొబ్బరి నూనె వాటా పెంచడం. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. దానితో చేసిన సబ్బు గట్టి నీళ్ళలోనూ నురగ ఇస్తుంది. మరీ ఎక్కువైతే చర్మం పొడిబారుతుంది కాబట్టి ముప్పై శాతం దగ్గర మొదలుపెట్టి మీ నీళ్ళని బట్టి మార్చుకోండి. రెండోది నిమ్మ ఉప్పు, అంటే కిరాణాలో దొరికే సిట్రిక్ యాసిడ్. అర కిలో నూనెకి ఐదు గ్రాములు చాలు. అది కాస్టిక్ సోడాతో కలిసి సోడియం సిట్రేట్ అవుతుంది, కాల్షియాన్ని పట్టి ఉంచి తెట్టు తగ్గిస్తుంది. కానీ అది కొంత కాస్టిక్ సోడాని తినేస్తుంది. పది గ్రాముల నిమ్మ ఉప్పుకి ఆరు గ్రాముల కాస్టిక్ సోడా అదనంగా వేసుకోవాలి. నేను ఇది మొదలుపెట్టాక మా బాత్రూం టైల్స్ కడిగే పని కూడా తగ్గింది.

సబ్బు చేసేటప్పుడు మాత్రం బోరు నీళ్ళు అసలే వాడొద్దు. బ్యాటరీ షాపుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

సామాన్లు ఎక్కడ దొరుకుతాయి?

బేగంబజారులో ఒక పూట తిరిగితే చాలావరకు దొరుకుతాయి: స్టీలు గిన్నెలు, రంగునిచ్చే మూలికలు, నిమ్మ ఉప్పు. కొబ్బరి, నువ్వుల నూనెలు మీ దగ్గరి గానుగలో తీసుకోండి. ఆముదం కూడా అక్కడే అడగండి. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఆముదం పంట పాతదే, మన తెలంగాణ సరుకు వాడుకున్నట్టు ఉంటుంది. కాస్టిక్ సోడా మాత్రం ల్యాబ్ కెమికల్స్ అమ్మే చోట, డబ్బా మీద 98 శాతం పైన స్వచ్ఛత రాసి ఉన్నది చూసి తీసుకోవాలి. సింకు పైపులు శుభ్రం చేసే పౌడర్లలో ఇంకేవేవో కలిపి ఉంటాయి, అవి పనికిరావు. గాలి తగిలితే కాస్టిక్ సోడా తేమ పీల్చుకుని దాని బలం తగ్గిపోతుంది. వానాకాలంలో డబ్బా మూత వెంటనే బిగించండి.

అచ్చు కొననక్కర్లేదు. జ్యూస్ వచ్చే అట్ట డబ్బా పైభాగం కోసి, కడిగి ఆరబెట్టి వాడండి. లోపల వెండి రంగు పొర కనిపిస్తే అది అల్యూమినియం కావచ్చు, బటర్ పేపర్ పరిచాకే పోయాలి. ఒక గ్రాము తేడా చూపించే కాటా, హ్యాండ్ బ్లెండర్ మాత్రం కొనాలి. నా మొదటి సబ్బు పాడైంది కాటా వల్లే. అది ఐదు గ్రాములకి ఒక అంకె మారేది. కోసేటప్పుడు సుద్దముక్కలా పొడిపొడి అయింది, మొత్తం పారేశాను.

మొదటిసారి ఏ కొలతతో చేయాలి?

నేను నేర్పేది ఇది: కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆలివ్ పిప్పి నుంచి తీసే పొమేస్ నూనె 300 గ్రాములు, ఆముదం 50 గ్రాములు. కాస్టిక్ సోడా 70 గ్రాములు, నీళ్ళు 140 గ్రాములు. నీళ్ళు, నూనె కూడా కాటా మీదే తూచాలి, కప్పులతో కాదు. మొత్తం ఏడు సబ్బులు వస్తాయి, ఒక్కొక్కటి వంద గ్రాముల దగ్గర.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఒక గ్రాము కొబ్బరి నూనె మారడానికి 0.183 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి, ఆలివ్‌కి 0.135, ఆముదానికి 0.128. కూడితే 74 పైచిలుకు, అందులో ఐదు శాతం తీసేస్తే 70. అందుకే ఒక నూనె బదులు ఇంకొకటి పోసి అదే కొలత వేయకూడదు. ఆన్‌లైన్‌లో సబ్బు క్యాలిక్యులేటర్లు ఉచితంగా ఉన్నాయి, ప్రతిసారీ అందులో వేసి చూసుకోండి. నేను ఇప్పటికీ చూస్తాను.

నూనెలు వెచ్చబెట్టి, కాస్టిక్ నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక వాటిని నూనెలో పోసి బ్లెండర్ ఆపి ఆపి తిప్పాలి. పలచని దోసెపిండిలా అయి, పైనుంచి జారవిడిస్తే గీత కాసేపు కనిపిస్తే దాన్ని ట్రేస్ అంటారు. అప్పుడు అచ్చులో పోయడమే. మర్నాడు గ్లోవ్స్ వేసుకుని కోయాలి. తర్వాత కనీసం నాలుగు వారాలు ఆరనిచ్చాకే వాడాలి.

పసుపు వేస్తే ఎర్రగా అయిపోయింది, పాడైనట్టేనా?

కాదు. పారాణి గుర్తు తెచ్చుకోండి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఇక్కడ సున్నం బదులు కాస్టిక్ సోడా. వారాలు గడిచేకొద్దీ ఆ ఎరుపు తగ్గి ఆవపిండి రంగుకి వస్తుంది. ఇది చూపిస్తే పెద్దవాళ్ళు చాలా సంతోషిస్తారు. మా అమ్మ అయితే "పెళ్ళికూతురి కాళ్ళకి రాసేది ఇదేగా" అంటూ గిన్నె దగ్గర్నుంచి కదల్లేదు. రతన్‌జోత్ అనే మొక్క వేరు ఇంకా విచిత్రం. నూనెలో నానబెడితే ఎరుపు, సబ్బులో పడగానే ఊదా. మంజిష్ఠ గులాబీ రంగు ఇస్తుంది. గులాబీ రేకులు, మల్లెలు మాత్రం లోపల వేయకండి, నల్లబడి ఎండిపోయిన ఆకుల్లా అవుతాయి.

చార్మినార్ దగ్గర కొన్న అత్తరు వేయొచ్చా?

వేయొచ్చు గానీ మీరు పీల్చిన వాసన మిగలదు. పత్తర్‌గట్టీ వైపు అత్తరు దుకాణాల్లో మల్లె, గులాబీ అత్తర్లు పీల్చి చూస్తే ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కాస్టిక్ సోడా ముందు సున్నితమైన పూల వాసనలు నిలవవు. అంత మంచి అత్తరుని చేతి మణికట్టు మీద రాసుకోవడమే దానికి న్యాయం. సబ్బులో నిలిచేవి వట్టివేరు, నిమ్మగడ్డి, నీలగిరి నూనెలు. నాకు ఇష్టం వట్టివేరు. ఎండాకాలం కూలర్ తడికల మీంచి వచ్చే ఆ వాసన, స్నానాల గదిలో కూడా అలాగే ఉంటుంది. నూనె బరువులో రెండు మూడు శాతం మించకండి. లవంగ నూనె, దాల్చిన నూనె మాత్రం చర్మాన్ని మండిస్తాయి, చుక్కల్లో తప్ప వేయకూడదు.

ఒకసారి ఒక దుకాణంలో కొవ్వొత్తుల కోసం అమ్మే సువాసన ద్రవం తెచ్చి వేశాను. నాలుగు సెకన్లలో గిన్నెలోనే గడ్డకట్టింది, గరిటె నిలబడిపోయింది. సబ్బుకి పనికొస్తుందని రాసి ఉన్నదే కొనండి, కొత్తదైతే ముందు వంద గ్రాముల నూనెతో చేసి చూడండి.

నాలుగు వారాలు ఎందుకు ఆగాలి? రెండో రోజే గట్టిగా ఉంది కదా.

మార్పు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, నిజమే. కానీ లోపల నీళ్ళు ఇంకా ఉంటాయి. నాలుగు నుంచి ఆరు వారాలు గాలి తగిలేలా ఆరితే సబ్బు గట్టిపడుతుంది, తొందరగా కరిగిపోదు, నురగ చిక్కగా వస్తుంది. ఆలివ్ నూనె ఒక్కదానితో చేస్తే ఆరు నెలలు, ఏడాది ఆరబెట్టేవాళ్ళు ఉన్నారు. సిరియాలోని అలెప్పోలో ఆలివ్, లారెల్ నూనెల సబ్బుని నెలల తరబడి గూళ్ళలో పేర్చి ఆరనివ్వడం తరతరాలుగా వస్తున్న పద్ధతి.

నేను పండగలతో లెక్క పెట్టుకుంటాను. సంక్రాంతికి పోసినది శివరాత్రికి వాడకానికి వస్తుంది. దీపావళికి పంచాలంటే వినాయక చవితి కల్లా పోసేయాలి. దసరాకి మొదలుపెడితే ఆలస్యమే. ఇలా ముందుచూపుతో చేయడం నాకు ఈ హాబీలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. చవితి రోజు అచ్చులో పోస్తున్నప్పుడే ఏది ఎవరికో తెలుసు. వట్టివేరుది వదినకి, వాసన లేనిది మామగారికి, పసుపుది అమ్మకి. రెండు నెలలు వాళ్ళని తలుచుకుంటూ వారానికోసారి సబ్బుల్ని తిప్పి పెడతాను.

వానాకాలంలో సబ్బు మీద నీటి బొట్లు వస్తున్నాయి, ఎందుకు?

గ్లిజరిన్ గాలిలోని తేమని లాక్కుంటుంది. పాడవలేదు, గుడ్డతో తుడిచి ఫ్యాన్ గాలికి పెట్టండి. జూలై, ఆగస్టుల్లో ఆరు వారాలకి బదులు ఎనిమిది వారాలు ఇవ్వండి. నారింజ రంగు చుక్కలు వచ్చి పాత నూనె కంపు కొడితే మాత్రం నూనె చెడింది. పల్లీ నూనె, తవుడు నూనె ఎక్కువ వేసినవాటిలో ఇది త్వరగా వస్తుంది.

మే నెలలో ఇంకో ఇబ్బంది. గది వేడికి అచ్చులో సబ్బు మరీ కాగి, మధ్యలో పగిలి పొంగుతుంది. పాలు, తేనె, బెల్లం వేసినవి మరీను. ఆ రోజుల్లో దుప్పటి కప్పకుండా తెల్లవారుజామునే పోయండి.

పిల్లలతో కలిసి చేయొచ్చా?

సోప్ బేస్‌తో చేయండి. అది ముందే తయారైన సబ్బు, ముక్కలు కోసి కరిగించి రంగు, వాసన కలిపి అచ్చులో పోయడమే, గంటలో గట్టిపడుతుంది. కాస్టిక్ సోడా ముట్టుకునే పని లేదు. కరిగినది వేడిగా ఉంటుంది కాబట్టి పోసేది మాత్రం పెద్దవాళ్ళే. హైస్కూలు పిల్లలకి కెమిస్ట్రీ పాఠంలో వచ్చే, నూనె క్షారంతో కలిసి సబ్బుగా మారే సపోనిఫికేషన్‌ని చూపించాలనుంటే వాళ్ళని దూరంగా గాగుల్స్‌తో నిలబెట్టి మీరు చేయండి. ఆ పదో తరగతి అబ్బాయి సమీకరణం నోటికి చెప్పాడు, అచ్చు వెచ్చగా ఉండటం చూసి మాత్రం నోరెళ్ళబెట్టాడు.

బజ్జీలు వేయించిన నూనెతో చేయొచ్చా?

ఒంటికి వద్దు, బట్టల సబ్బుకి బాగుంటుంది. గుడ్డలో వడగట్టి, అందులో కొబ్బరి నూనె కొంత కలిపి చేయండి. సింకులో పారబోయడం కన్నా చాలా నయం.

అమ్ముకోవచ్చా?

చుట్టాలకి, స్నేహితులకి ఇవ్వడం వేరు, డబ్బు తీసుకోవడం వేరు. ఒంటి సబ్బు మన చట్టంలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం అమ్మకానికి తయారుచేయాలంటే లైసెన్సు ఉండాలి. తెలంగాణలో అది డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ చూస్తుంది. తయారీ చోటు, అర్హత ఉన్న మనిషి, పరీక్షలు, లేబుల్, అన్నిటికీ నిబంధనలున్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాళ్ళందరికీ లైసెన్సు ఉందని అనుకోకండి. నిజంగా వ్యాపారం చేయాలనుంటే ముందు ఆ ఆఫీసుకి వెళ్ళి కనుక్కోండి, సబ్బులు తర్వాత.

ఇంకో మాట కూడా నమ్మకంగా చెబుతాను. నా దగ్గర నేర్చుకుని వెంటనే అమ్మకం మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది ఏడాది లోపే ఆపేశారు. ఆర్డర్లు, ప్యాకింగ్, కొరియర్ టెన్షన్లో చేతిపని మీద ఇష్టం పోయింది. రెండేళ్ళు ఇంటి కోసమే చేయండి.

రేపర్ మీద టీఎఫ్ఎం అని ఉంటుంది, అదేంటి?

సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం శాతం. టాయిలెట్ సోప్‌లో 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. "బేతింగ్ బార్" అని రాసినదానికి 40 శాతం ఉన్నా సరిపోతుంది. సబ్బు చేయడం మొదలుపెట్టినవాళ్ళందరూ ఆ తర్వాతి వారం సూపర్‌మార్కెట్లో రేపర్లు తిప్పి చదువుతూ కనిపిస్తారు.

అరిగి మిగిలిన చిన్న ముక్కలు ఏం చేయాలి?

పారేయకండి. కొత్త సబ్బుకి వెనక వైపు తడితో అతికిస్తే రెండు స్నానాల్లో కలిసిపోతుంది. లేదా ఒక డబ్బాలో పోగు చేసి, కోరాముతో కోరి, తర్వాతిసారి అచ్చులో పోసే ముందు గుప్పెడు కలపండి. నేను ప్రతి ఉగాదికి అలా ఒక సబ్బు చేస్తాను. ఏడాదంతా చేసిన రంగులన్నీ, పసుపు, ఊదా, గులాబీ, కోసినప్పుడు లోపల చుక్కలుగా కనిపిస్తాయి.